క్రీడోత్సవంలో పాటలు: కొత్త వ్యాయామోపాధ్యాయురాలికి ఉత్తరం

చిరంజీవికి ఆశీస్సులు.

క్రీడోత్సవంలో వేసే పాటలకు నియమావళి తయారుచేసే పని ప్రధానోపాధ్యాయులు నీకు అప్పగించారని, పోయినసారి ఒక పాటలోని మాటల మీద తల్లిదండ్రులు అభ్యంతరం చెప్పడమే అందుకు కారణమని రాశావు. అభ్యంతరం న్యాయమైనదే. అయితే నువ్వు పంపిన చిత్తుప్రతి రెండు పేజీలూ ఏ పాటలు వేయకూడదన్న దానికే సరిపోయాయి. పాట ఎప్పుడు ఆగాలన్న మాట అందులో ఒక్కచోటా కనబడలేదు. ముప్పై ఏళ్ళు విజిల్ ఊదినవాడిగా చెబుతున్నాను, ముందు రాయవలసింది అదే.

నేను ఉద్యోగంలో చేరిన తొలి రోజుల్లో జరిగిన ఒక 400 మీటర్ల పరుగు ఇప్పటికీ నా కళ్ళముందు ఉంది. ప్రామాణికమైన ట్రాక్ మీద ఎనిమిదో లేన్‌లో పరుగెత్తేవారు మొదటి లేన్ వారికంటే సుమారు 53 మీటర్లు ముందు నిలబడతారు, అంటే పరుగు మొదలుపెట్టించే స్టార్టర్ మొదటి లేన్ వైపు ఉంటే అతనికి బాగా దూరంగా ఉంటారు. ఆ రోజు ఎవరో ముందే కదలడంతో స్టార్టర్ రెండోసారి పిస్టల్ పేల్చి అందరినీ వెనక్కు పిలిచాడు. ఏడుగురు ఆగారు. స్పీకరు పక్కనుంచే వెళ్తున్న ఎనిమిదో లేన్ అమ్మాయికి మాత్రం పాట తప్ప మరేమీ వినబడలేదు. ఆమె ఒంటరిగా చుట్టు మొత్తం పూర్తిచేసి, ముగింపు గీత దగ్గర టేపు పట్టుకున్నవారు ఎవరూ లేకపోవడం చూసి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని నా వైపు చూసింది. మళ్ళీ జరిపిన పరుగులో ఆఖరున వచ్చింది. ఆ పాట పెట్టించింది నేనే.

అందుకని నియమావళిలో మొదటి వాక్యం ఇలా ఉండనీ: స్టార్టర్ చెయ్యి పైకి లేచిన క్షణం నుంచి పరుగు సక్రమంగా మొదలైందని తేలేవరకు మైదానంలో ఏ స్పీకరూ మోగకూడదు. కబడ్డీలో కూతకు వెళ్ళిన ఆటగాడి కూత అంపైర్‌కు స్పష్టంగా వినబడాలి, ఖోఖోలో 'ఖో' అన్న మాట చెవిన పడితేనే కూర్చున్నవాడు లేస్తాడు. కాబట్టి ఈ రెండు ఆటలు నడుస్తున్నంతసేపూ పాట అసలే వద్దు. వాలీబాల్, బాస్కెట్‌బాల్‌కు విరామాలు ఉంటాయి గనుక అక్కడ పాటకు చోటుంది: వాలీబాల్ టైమౌట్ 30 సెకన్లు, బాస్కెట్‌బాల్‌లో 1 నిమిషం. ఆ కొలతకు ముక్కలు ముందే కత్తిరించి పెట్టుకుంటే, రిఫరీ విజిల్‌తో పాట తెగిపోవడం వికారంగా ఉండదు. ఎవరైనా గాయపడి నేలమీద ఉంటే ఆ కోర్టులోనే కాదు, మైదానమంతా మౌనం పాటించాలి.

ఇక ధ్వని విషయం. పెద్దలు పనిచేసే చోట 8 గంటలకు 85 డెసిబెల్స్‌ను హద్దుగా పెట్టిన ప్రమాణం ఒకటి ఉంది. ఆ లెక్కలో ప్రతి 3 డెసిబెల్స్ పెరుగుదలకు సురక్షితమైన సమయం సగానికి పడిపోతుంది, 100 డెసిబెల్స్ దగ్గర మిగిలేది 15 నిమిషాలే. క్రీడోత్సవం రోజంతా సాగుతుంది, వినేవి పిల్లల చెవులు. కాబట్టి 85ను లక్ష్యంగా కాక దాటరాని గీతగా రాయి. కొలవవలసింది ఆపరేటర్ బల్ల దగ్గర కాదు, స్పీకరుకు అతి దగ్గరగా కూర్చున్న పిల్లవాడి తల ఎత్తున. ఫోన్‌లోని యాప్ ఖచ్చితంగా చెప్పకపోయినా, హద్దు బాగా దాటితే తెలుస్తుంది. ఆరుబయట దూరం రెట్టింపైతే ధ్వని దాదాపు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. స్పీకర్లను స్టాండ్ మీద ఎత్తుగా, మొదటి వరుసకు దూరంగా పెట్టించు. పెద్ద చప్పుడు భరించలేని పిల్లలు ప్రతి బడిలోనూ ఉంటారు, వారికోసం స్పీకర్లు లేని ఒక మూల కేటాయించు.

పాటల ఎంపిక మీద నువ్వు రాసినదాంట్లో ఎక్కువ భాగం తీసివేయవచ్చు. నిషేధాల జాబితా ఎంత పొడవైనా, దానిలో లేని పాట మరుసటి నెలలో వస్తుంది. అనుమతించిన పాటల జాబితా ఒకటి ఉంచి, అందులో లేనిది మోగదని రాస్తే సరిపోతుంది. పాటలు పిల్లలనే సూచించనివ్వు, కానీ ఇద్దరు ఉపాధ్యాయులు ప్రతి పాటనూ మొదటినుంచి చివరిదాకా వినాలి. పల్లవి విని ఒప్పుకున్న పాట రెండో చరణంలో తలవంపులు తెస్తుంది. బూతు మాట చెరిపేసిన కూర్పును నేనైతే ఒప్పుకోను, ఎందుకంటే ఆ ఖాళీని పిల్లలు కోరస్‌గా పూరిస్తారు. ఓడిన జట్టును వెక్కిరించేలా పాట వేయడాన్ని ఆటగాడి దురుసుతనంతో సమానంగా చూడాలి. అతిథిగా వచ్చిన జట్టు విషయంలో ఇది మరీ ముఖ్యం. బహిరంగంగా పాటలు వినిపించడానికి లైసెన్సు కావాలో, పాఠశాలలకు మినహాయింపు ఉందో మీ కార్యాలయంలో కనుక్కో.

చివరగా, మీట ఒక్కరి చేతిలోనే ఉండాలి, ఆ ఒక్కరూ మైదానాన్ని చూస్తూ కూర్చోవాలి. పాటలు ముందే దింపుకున్న ఫోన్ వాడి, దాన్ని ఫ్లైట్ మోడ్‌లో పెట్టించు. లేకపోతే జాతీయ గీతం ముందు ఒక సబ్బు ప్రకటన, బహుమతుల వేళ ఎవరి బావగారి ఫోనో మైదానమంతా వినవలసి వస్తుంది. స్టార్టర్‌కు ఒక ఎర్రజెండా ఇవ్వు. అది లేచిందంటే పాట ఆగాలి, కారణం తర్వాత అడగవచ్చు. క్రీడోత్సవానికి ముందురోజు సాయంత్రం ఎనిమిదో లేన్ ప్రారంభ గీత మీద నువ్వే నిలబడి, స్టార్టర్ మాట వినబడుతోందో లేదో చూసుకో.

ఇట్లు,
నీ పాత డ్రిల్ మాస్టారు