ఆర్నెల్లు కొడుకింట్లో ఉండబోతున్న చెల్లికి

చెల్లీ,

మే నెలలో అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలోని నోవై వెళ్తున్నారని, టికెట్లు కూడా అయిపోయాయని తెలిసి చాలా సంతోషించాను. సూట్‌కేసుల్లో ఏం సర్దుకోవాలని అడిగావు, అది ఎవరైనా చెప్తారు. నేను చెప్పాలనుకున్నది అక్కడి పగళ్ళ గురించి. మన ఈడు వాళ్ళని అమెరికాలో బెంగపెట్టించేది చలీ కాదు, తిండీ కాదు, పొద్దుపోకపోవడం.

ఇక్కడ నీ రోజు చూడు. తెల్లారగట్ల బీచ్ రోడ్డులో నడక, అక్కడే నలుగురితో కబుర్లు, ఇంటికొచ్చేసరికి పాలవాడు, పనమ్మాయి, కూరలబండి కేక, ఆపైన రైతుబజారు. నువ్వేమీ అనుకోకుండానే మధ్యాహ్నం అయిపోతుంది. అక్కడ ఎనిమిదిన్నరకల్లా కొడుకూ కోడలూ ఆఫీసులకి, మనవడు స్కూలు బస్సుకి వెళ్ళిపోతే ఫ్రిజ్ చప్పుడు తప్ప ఇంకేమీ వినపడదు. జూన్‌లో రాత్రి తొమ్మిది దాటాక గాని పొద్దుగుంకదు. అంత పొడుగు పగటిని ఎలాగోలా తోసేద్దాం అనుకుంటే మాత్రం ఆర్నెల్లూ క్యాలెండర్ చూసుకుంటూనే గడిచిపోతాయి.

ముందు ఫోను సంగతి. మొదటివారం అర్ధరాత్రి దాటాక మెలకువ వచ్చేస్తుంది. అక్కడ తెల్లవారుజామున 3 గంటలంటే ఇక్కడ మధ్యాహ్నం 12:30, అందరం ఫోన్లో దొరుకుతాం, చిక్కంతా అక్కడే. ఆ వేళప్పుడు మాట్లాడటం మొదలుపెడితే నిద్ర ఎప్పటికీ దారికి రాదు, మనిషి నోవైలో, మనసు విశాఖలో ఉండిపోతుంది. మెలకువ వచ్చినా దీపం వెయ్యకు, కళ్ళు మూసుకుని పడుకో. పొద్దున్నే బయటికెళ్ళి ఎండలో ఓ అరగంట తిరుగు, పగటినిద్ర ఆపు. నాతో మాట్లాడాలంటే నీ పొద్దుటి కాఫీ వేళకి చెయ్యి, నాకది సాయంత్రం, తీరిగ్గానే ఉంటాను.

రెండోది వంటిల్లు. కొడుకింటికి వెళ్ళాం కదా అని వంటంతా నెత్తిన వేసుకోకు. కోడలికి తన పద్ధతి ఒకటుంటుంది, మొదట్లోనే అడిగి ఒక పూట నీది అనుకో. మిగతాది వాళ్ళకే వదిలెయ్. పోపు పెట్టేముందు పొయ్యి మీది ఫ్యాను వెయ్యడం మర్చిపోకు, లేదంటే ఎండుమిరపకాయ మాడగానే పొగ అలారం ఇల్లంతా మోగిస్తుంది. మోగినా కంగారుపడకు, కిటికీ తెరిస్తే ఆగుతుంది.

పెరడు ఉందన్నావు కదా, అది నీ అదృష్టం. అక్కడ మే మధ్య దాకా మంచు భయం ఉంటుంది, నెలాఖరుకి నేల వెచ్చబడ్డాక గోంగూర, తోటకూర, బెండ, ఆనప గింజలు వెయ్యి. గింజలు ఇక్కణ్ణించి పట్టుకెళ్ళకు, కాగితాలు లేకుండా రానివ్వరు, పచ్చి కరివేపాకూ అంతే. అక్కడి ఇండియన్ స్టోర్లలో దొరుకుతాయి. మొలకలు రెండేసి ఆకులు వేసేసరికి కుందేళ్ళు వచ్చి మొదలంటా కొరికేస్తాయి, అందుకని విత్తనం వేసిన రోజే చుట్టూ సన్నకన్నాల తీగవల కట్టించు, అడుగు భాగం మట్టిలోకి కొంచెం దిగేలా. ఇక రోజూ పొద్దున్నే నీకు పనుంటుంది: ఏ తీగ ఎటు పాకింది, ఏ పువ్వుకి పిందె కట్టింది. ఆనపకి ఆడపువ్వులు ఆలస్యంగా వస్తాయి, మొదట అన్నీ మగపువ్వులే, నిరాశపడి తీగ పీకెయ్యకు! ఒక మొక్కని దాని వేగంతో రోజూ చూస్తూ కూర్చోవడం ఇక్కడ మనకి కుదరదు చెల్లీ, అక్కడ కుదురుతుంది. నాకు ఆ దేశంలో అన్నిటికన్నా ఇష్టమైనది అదే.

రోజుకి ఒక్కసారైనా గడప దాటు. బళ్ళు అక్కడ కుడిపక్కన నడుస్తాయి కాబట్టి రోడ్డు దాటేటప్పుడు ముందు ఎడమవైపు చూడాలి, మరిదిగారికి ఇది మరీ మరీ చెప్పు. ఎదురైనవాళ్ళు చెయ్యి ఊపి వెళ్ళిపోతారు, నిలబడి మాట్లాడలేదని చిన్నబుచ్చుకోకు, నువ్వూ ఊపు. రోజూ అదే వేళకి వెళ్తుంటే వాళ్ళే ఒకరోజు ఆగి పలకరిస్తారు. లైబ్రరీకి ఎవరైనా వెళ్ళి కూర్చోవచ్చు, డబ్బు కట్టక్కర్లేదు, చాలాచోట్ల ఇంగ్లీషు మాట్లాడటం నేర్పే క్లాసులు కూడా ఉచితమే. గుడి ఆ ఊళ్ళోనే ఉంది, వెంకటేశ్వరస్వామి. తెలుగువాళ్ళు బోలెడుమంది కనిపిస్తారు, కానీ తీసుకెళ్ళమని శనివారం పొద్దున్నే పిల్లల్ని లేపకు, వారమంతా అలిసిపోయి ఉంటారు, ఆ ఒక్కపూటా పడుకోనీ.

మందులు డాక్టరు చీటీతో సహా, కొన్న అట్టల్లోనే పెట్టుకోండి. ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు పాత బీపీ, షుగర్లకి ఏ మేరకు ఇస్తారో చదివి తీసుకోమను. వీసా పదేళ్ళకి ఉన్నా ఈసారి ఎప్పటిదాకా ఉండొచ్చన్నది దిగాక ఆన్‌లైన్‌లో ఐ-94 (మీరు దేశంలోకి వచ్చినట్టు వాళ్ళు రాసుకునే రికార్డు) తీసి చూడాలి, ఆ తేదీ దాటకూడదు. అక్టోబరు ఆఖరుకి వచ్చేస్తారు కాబట్టి మరిదిగారి రైల్వే పెన్షన్‌కి నవంబరు లైఫ్ సర్టిఫికెట్ టెన్షన్ లేదు.

ఆ అక్టోబరులో మాత్రం పొద్దున్న ఏడున్నరకి కూడా చీకటిగానే ఉంటుంది, చలి మొదలవుతుంది. కోటు కొనకు, నాది నీకు సరిపోతుంది. ఈ ఆదివారం ఎంవీపీ కాలనీ వైపు వచ్చినప్పుడు ఇంటికొచ్చి తీసుకెళ్ళు.

మీ అక్క