అమ్మానాన్న క్యాంపులో, ఇల్లు పిల్లల చేతిలో

ప్రశ్న: మా అమ్మ గైనకాలజిస్టు. ఒక వైద్య సహాయ సంస్థ తరఫున ఆరు నెలలు ఉండేందుకు దక్షిణ సూడాన్ వెళ్తోంది. నాన్న అక్కడే నీటి సరఫరా పనులు చూస్తారు. నాకు 25, తమ్ముడికి 20. నానమ్మకు 78, బీపీ, షుగరు ఉన్నాయి. ప్రయాణానికి ఐదు వారాలుంది. ముందు ఏం చూసుకోవాలి?
– పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: ముందు బ్యాంకు. అమ్మానాన్నల ఖాతాలో మీ పేరు ఉంటే సరిపోదు, ఏ పద్ధతిలో ఉందో చూడండి. ‘ఐదర్ ఆర్ సర్వైవర్’ అయితే ఎవరి సంతకంతోనైనా డబ్బు తీయొచ్చు. ‘ఫార్మర్ ఆర్ సర్వైవర్’ అయితే మొదటి పేరున్నవారు బతికుండగా రెండోవారు పైసా తీయలేరు. ఈ తేడా చాలామందికి కౌంటరు దగ్గర నిలబడ్డాకే తెలుస్తుంది. నాలుగు నెలల ఇంటి ఖర్చు, దానిపైన నానమ్మను ఒకసారి ఆస్పత్రిలో చేర్పించేంత మొత్తం మీరు తీయగలిగే ఖాతాలో ఉండాలి.

తర్వాత చిక్కు ఓటీపీ. అమ్మగారి సిమ్‌కు అక్కడ రోమింగ్ అందకపోతే ఓటీపీ రాదు. కొందరు సిమ్ ఇంట్లో వదిలేసి, పాస్‌వర్డ్ పిల్లలకు చెప్పి వెళ్తారు. బ్యాంకు నిబంధనలు దీన్ని ఒప్పుకోవు, రేపు మోసం జరిగితే ఫిర్యాదు నిలవదు. కరెంటు బిల్లు, గ్యాసు, ఇంటి పన్ను, నానమ్మ ఇన్సూరెన్స్ ప్రీమియం ఇప్పుడే మీ నంబరుకు, మీరు వాడే ఖాతాకు మార్పించండి. పాత సిమ్‌ను మాత్రం రీఛార్జి చేస్తూ బతికించండి. 90 రోజులు వాడకుండా వదిలేస్తే నంబరు రద్దయి మరొకరికి వెళ్ళిపోవచ్చు. ఆధార్‌కు ముడిపడ్డ నంబరైతే ఆ తలనొప్పి చెప్పనలవి కాదు.

అద్దె ఇల్లో, స్థలమో ఉంటే అమ్మానాన్నలు ఇద్దరూ ఇక్కడున్నప్పుడే సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో స్పెషల్ పవర్ ఆఫ్ అటార్నీ (వాళ్ళ తరఫున మీరు పనులు చేసే అధికారపత్రం) చేయించండి. ఏయే పనులకో అందులో విడివిడిగా రాయించండి. అన్ని అధికారాలూ ఇచ్చేసే జనరల్ పవర్ మీ ఇంటికి అక్కర్లేదు. మరిచిపోతే అక్కడి నుంచీ చేయొచ్చు, కానీ సంతకం కోసం క్యాంపు నుంచి అక్కడి రాజధాని జూబాలోని మన ఎంబసీ దాకా రావాలి. వానాకాలంలో రోడ్లు మూతపడితే సహాయ సంస్థల చిన్న విమానంలో సీటు దొరకాలి. ఆ కాగితం ఇండియా చేరిన మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంపు డ్యూటీ కూడా కట్టాలి.

వాళ్ళ కాంట్రాక్టు కాపీతో ఒకసారి ఆడిటరును కలవండి. ఆ ఆర్థిక సంవత్సరంలో ఇండియాలో ఎన్ని రోజులున్నారన్న లెక్క 182 దగ్గర అటో ఇటో అయితే పన్ను మారుతుంది. పొదుపు ఖాతాను ఎన్ఆర్ఓగా (విదేశాల్లో ఉండేవారి ఖాతాగా) మార్చాలో వద్దో కూడా అప్పుడే తేలిపోతుంది. పాస్‌పోర్టు మీద పడే ముద్రల తేదీలు రాసిపెట్టుకోమనండి.

నానమ్మ సంగతి. మాత్రల పేర్లు, మోతాదు, వేసుకునే వేళ, ఆమె డాక్టరు, ఇన్సూరెన్స్ కార్డు నంబరు, పడని మందులు ఒకే కాగితం మీద రాసి ఫ్రిజ్ మీద అంటించండి. ఆమె స్పృహలో ఉండి మాట్లాడగలిగితే ఆపరేషన్ ఒప్పుకోలు సంతకం ఆమెదే, కొడుకుదో మనవరాలిదో కాదు. అందరూ ఈ ముక్క మరిచిపోయి క్యాంపుకు ఫోన్లు కొడుతూ కూర్చుంటారు. ఆమె చెప్పలేని స్థితి వస్తే అమ్మానాన్నలు దొరికేదాకా ఆగకుండా నిర్ణయం తీసుకునేది ఎవరో, మీరా, మీ బాబాయా, ఇప్పుడే తేల్చి ఇంట్లో అందరి ముందూ చెప్పించండి.

తమ్ముడికి ఇరవై వచ్చాయి, పసివాడు కాదు. మందులు తేవడం, వారంలో మూడు రాత్రులు నానమ్మ గదిలో పడుకోవడం, ఒక పూట వంట అతని వాటా. ఇది అమ్మ నోటి నుంచే రావాలి. లేకపోతే ఆడపిల్లవని మొత్తం మీ నెత్తినే పడుతుంది.

అమ్మానాన్నలకు కావలసిన ఎల్లో ఫీవర్ టీకా నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు. వేసిన పది రోజులకు గానీ ఆ సర్టిఫికెట్ చెల్లదు, తర్వాత జీవితాంతం చెల్లుతుంది. అది లేకుండా తిరిగొస్తే ఎయిర్‌పోర్టు నుంచి ఇంటికి కాక ఆరు రోజుల దాకా క్వారంటైన్‌కు వెళ్ళాల్సి రావచ్చు.

ప్రశ్న: సంస్థవాళ్ళు మా నాన్న చేత ‘ప్రూఫ్ ఆఫ్ లైఫ్’ ప్రశ్నలు రాయించారు. ఏదో అపాయం ఉందనేగా అర్థం?
– పాఠకుడు, సైనిక్‌పురి

జవాబు: వెళ్ళేచోటు అపాయం లేనిదని ఎవరూ అనరు. కానీ ఆ కాగితం మీ నాన్నగారికి ప్రత్యేకం కాదు, ఇలాంటి పనికి వెళ్ళే చాలామంది చేత రాయిస్తారు. ఎవరినైనా ఎత్తుకెళ్తే, మనిషి నిజంగా బతికే ఉన్నాడా అని తెలుసుకోవడానికి ఆయనకు మాత్రమే జవాబు తెలిసిన ప్రశ్న ఒకటి పంపిస్తారు. అందుకే పెళ్ళిరోజు, ఊరి పేరు, కుక్క పేరు పనికిరావు, అవన్నీ ఫేస్‌బుక్‌లో ఉంటాయి. చిన్నప్పుడు అటక మీద దాచిన వస్తువులాంటిది మేలు. జవాబు గుర్తు చేసుకోనవసరం లేకుండా నోటికి రావాలి.

మీ వంతు పని వేరే ఉంది. సంస్థ అత్యవసర నంబరు మీ దగ్గరా, ఇంకొకరి దగ్గరా కాగితం మీద ఉండాలి. ఎవరైనా ఫోన్ చేసి నాన్న మా దగ్గరున్నాడంటే బేరం పెట్టొద్దు, మాట ఇవ్వొద్దు. టైము, నంబరు, అన్న మాటలు ఉన్నవున్నట్టు రాసుకుని సంస్థకు చెప్పండి. విలేకరులు అడిగినా అంతే. అన్నిటికన్నా పెద్ద కంత బంధువుల వాట్సాప్ గ్రూపు. ఆయన ఫలానా రోజు ఫలానా ఊరు వెళ్తున్నాడని అందులో పెట్టొద్దని పెద్దమ్మలకూ మేనమామలకూ ముందే చెప్పండి. నొచ్చుకుంటారు, నొచ్చుకోనివ్వండి.

ప్రశ్న: తూర్పు చాద్‌లో సూడాన్ శరణార్థుల క్యాంపులో నర్సింగ్ సూపర్‌వైజరుగా ఉన్నాను. హైదరాబాదులో ఉన్న మా అబ్బాయి (22) ఫోన్లో ‘ఆఁ, ఊఁ’ అని పెట్టేస్తాడు.
– ఒక తల్లి

జవాబు: మీరు ఏ టైముకు చేస్తున్నారు? మీకూ అతనికీ నాలుగున్నర గంటల తేడా. డ్యూటీ అయ్యాక రాత్రి ఎనిమిదికి మీరు చేస్తే అతనికి పన్నెండున్నర. నిద్రలో ఎవరైనా అంతే మాట్లాడతారు. ఆదివారం మీకు ఉదయం ఆరున్నర, అతనికి పదకొండు, ఆ ఒక్క వేళ ఖాయం చేసుకోండి. మిగతా రోజుల్లో వాయిస్ మెసేజ్ చాలు, నెట్ వచ్చినప్పుడు అదే చేరుతుంది. క్యాంపులో టీమంతా పంచుకునే నెట్ మీద వీడియో కాల్ పెట్టుకుంటే సగంలో తెగి ఇద్దరికీ విసుగు.

ఆదివారం ఫోన్ రాకపోతే ఏమనుకోవాలో కూడా చెప్పి ఉంచండి. రెండు రోజుల దాకా నెట్ లేదనుకోవాలి, ఆ తర్వాత సంస్థ నంబరుకు చేయాలి. ఇది తెలియక రాత్రంతా వార్తలు వెతికే పిల్లలున్నారు.

ఇంకోటి, మీకు నచ్చకపోవచ్చు. తిన్నావా, గ్యాసు బుక్ చేశావా, పనిమనిషి వచ్చిందా అని అక్కడి నుంచి ఇల్లు నడపొద్దు. తాళాలు అతని చేతిలో పెట్టారు కదా. మీ వార్డు గురించి చెప్పండి, రోగుల పేర్లూ ఫొటోలూ మాత్రం వద్దు.

ప్రశ్న: అమ్మ వచ్చే నెల తిరిగొస్తోంది. అక్క నిశ్చితార్థం ఆ వారంలోనే పెట్టుకోవచ్చా?
– పాఠకురాలు, మలక్‌పేట

జవాబు: పెట్టొద్దు. ఆవిడ స్థానంలో రావలసినవారి వీసా ఆలస్యమైనా, విమానం రద్దయినా పది రోజులు ఇట్టే జరిగిపోతాయి. వచ్చాక సంస్థకు నివేదికలు ఇచ్చే పని కూడా ఉంటుంది. కాంట్రాక్టు ముగిసిన తేదీకి కనీసం మూడు వారాల తర్వాత ముహూర్తం చూడండి. మొదటి వారం బంధువుల భోజనాలు కూడా వద్దు, నిద్రపోనివ్వండి.

జ్వరం వస్తే మాత్రం ఆ రోజే మలేరియా పరీక్ష చేయించాలి, వచ్చి మూడు నెలలైనా సరే. మలేరియా దోమ గుట్టు 1897లో తేలింది మన సికింద్రాబాదులోనే అయినా, వానాకాలంలో ఇక్కడి క్లినిక్కుల్లో ముందు డెంగీ, టైఫాయిడ్ అనుకుంటారు. ఏ దేశం నుంచి ఎప్పుడొచ్చిందో మీరే మొదటి మాటగా చెప్పండి. నివారణకు డాక్సీసైక్లిన్ వాడుతుంటే ఆ దేశం వదిలాక నాలుగు వారాలు ఆపకూడదు. ఇల్లు చేరాం కదా అని మొదటి వారంలోనే మానేసేవాళ్ళు చాలామంది, ఆ స్ట్రిప్ ఆవిడ బ్యాగులోంచి తీసి డైనింగ్ టేబుల్ మీద పెట్టండి.