టెక్సస్‌లో పోలీసులు ఆపితే ఐస్‌కి అప్పగిస్తారా?

ఓపీటీ (చదువయ్యాక స్టూడెంట్ వీసా మీదే ఉద్యోగం చేసుకునే అనుమతి) మీద ఉన్నాను, డాలస్‌లో ఒక ఆఫర్, శాన్ హోసేలో ఒక ఆఫర్ ఉన్నాయి, టెక్సస్‌లో లోకల్ పోలీసులే ఐస్‌కి, అంటే ఫెడరల్ ఇమ్మిగ్రేషన్ పోలీసులకి, పట్టిస్తారట, కాలిఫోర్నియా అయితే సేఫ్ అట, నిజమేనా అని ఒకరు అడిగారు. సగం నిజం. మా ఇంట్లో జరిగిందే చెప్తాను.

2019లో డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఉండగా మా పిన్ని కొడుకుని పోలీసులు ఆపారు. బ్రేక్ లైటు ఒకటి వెలగట్లేదు, అంతే. కానీ కంప్యూటర్‌లో చూస్తే వాడి పేరు మీద వారెంట్ ఉంది. ఏడాది కిందటి స్పీడింగ్ టికెట్‌ని "తర్వాత కడదాంలే" అని కారు అరలో పడేసి, కోర్టు తేదీకి వెళ్లలేదు మహానుభావుడు. బేడీలు వేసి తీసుకెళ్లారు. రాత్రి పదకొండింటికి జైలు నుంచి ఫోన్: "అన్నా, అమ్మకి చెప్పకు."

రోడ్డు మీద వాణ్ణి ఇమ్మిగ్రేషన్ స్టేటస్ ఎవరూ అడగలేదు. టెక్సస్‌లో అడగొచ్చు, చట్టం ఒప్పుకుంటుంది. అయినా మన లైసెన్సు మీద లిమిటెడ్ టర్మ్ అని, అంటే తాత్కాలికంగా ఉంటున్నవాళ్లకి ఇచ్చేదని, ఉంటుంది కదా, అడిగే పనేముంది? జైల్లో మాత్రం వేలిముద్రలు, ఫోటో అయ్యాక ఎక్కడ పుట్టావన్నారు. గుంటూరు అన్నాడు. మీ కాన్సులేట్‌కి తెలియజేయాలా అన్నారు. దాంతో డిపోర్ట్ చేసేస్తున్నారని వీడు హడలిపోయాడు. విదేశీయుణ్ణి అరెస్టు చేస్తే అలా అడగడం వియన్నా ఒప్పందం ప్రకారం వాళ్ల విధి, అంతే.

అసలు సంగతి ఆ వేలిముద్రల్లో ఉంది. అవి ఎఫ్‌బీఐకి, అక్కణ్ణుంచి ఐస్ ఉండే హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖకి వెళ్తాయి. డాలస్ జైలైనా అంతే, శాన్ హోసే జైలైనా అంతే. రాష్ట్ర చట్టం తేడా ఆ తర్వాతే. ఫలానావాణ్ణి వదిలేసే టైమయ్యాక కూడా 48 గంటల దాకా ఉంచండి అని ఐస్ జైలుకి ఒక కాగితం పంపిస్తుంది, డిటైనర్ అంటారు. 2017లో వచ్చిన టెక్సస్ చట్టం ఎస్‌బీ 4 ప్రకారం జైలు దాన్ని పాటించి తీరాలి. కాదన్న షెరీఫ్ (కౌంటీ పోలీసు పెద్ద) పదవే పోవచ్చు. అదే ఏడాది కాలిఫోర్నియా చేసిన ఎస్‌బీ 54 అచ్చం తిరగేసింది: ఆ కాగితం చూసి ఎవర్నీ అదనంగా ఉంచకూడదు, పోలీసులు స్టేటస్ అడగకూడదు. తీవ్రమైన నేరాల్లో శిక్షపడ్డవాళ్ల విషయం వేరు, వాళ్లను అప్పగించొచ్చు.

ఫెడరల్ ప్రభుత్వానికి రాష్ట్రం ఎలా కాదనగలదు అంటే, కేంద్రం తన పనికి రాష్ట్ర అధికారుల్ని వాడుకోకూడదని 1997లో ప్రింట్జ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. తమాషా ఏంటంటే ఆ కేసు తుపాకులు కొనేవాళ్ల తనిఖీ గురించి. దాన్ని గెలిపించిందీ కన్సర్వేటివ్ జడ్జీలే.

టెక్సస్ ఇప్పుడు ఇంకో మెట్టు ఎక్కింది. 2026 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన ఎస్‌బీ 8 ప్రకారం జైలు నడిపే షెరీఫ్‌లంతా ఐస్‌తో 287(జి) ఒప్పందం (ఐస్ పనిలో కొంత స్థానిక పోలీసులకి అప్పగించేది) చేసుకోవాలి. ఒప్పందం రకాన్ని బట్టి జైలు సిబ్బందే ట్రైనింగ్ తీసుకుని ఇమ్మిగ్రేషన్ పని చేస్తారు.

మావాడి స్టేటస్ సరిగ్గానే ఉంది కాబట్టి డిటైనర్ రాలేదు, పొద్దున్నే వదిలేశారు. ప్లాస్టిక్ సంచిలో బెల్టు, షూ లేసులు, ఫోను, వెండి మొలతాడు తిరిగిచ్చారు. మొలతాడుని ఏమనాలో తెలియక అక్కడి ఆవిడ రసీదులో చైన్ అని రాసుకుంది.

అందుకే ఆఫర్ ఎంచుకోవడానికి దీన్ని లెక్కలో వేసుకోకండి. 2025 వసంతంలో పాత పోలీసు కేసులున్నాయని వేల మంది విద్యార్థుల సెవిస్ (విదేశీ విద్యార్థుల వివరాలుండే ప్రభుత్వ డేటాబేస్) రికార్డులు రద్దు చేసినప్పుడు, కొట్టేసిన కేసులున్నవాళ్లు కూడా ఇరుక్కున్నారు, కాలిఫోర్నియాలో చదివేవాళ్లతో సహా. కోర్టులు అడ్డుపడ్డాక ఏప్రిల్ చివర్లో మళ్లీ తెరిచారు. స్టేటస్ బాగున్న మనలాంటివాళ్లకి ఏ రాష్ట్రమన్నది కాదు, వేలిముద్ర పడిందా లేదా అన్నదే లెక్క. టికెట్ వస్తే ఆ వారమే కట్టేయండి. ఐ-94 (దేశంలోకి వచ్చిన రికార్డు), ఐ-20 (యూనివర్సిటీ ఇచ్చే స్టూడెంట్ కాగితం) కాపీలు కార్లో ఉంచండి.

మావాడైతే వీసా దరఖాస్తు డీఎస్-160లో ఎప్పుడైనా అరెస్టయ్యారా అన్న చోట ప్రతిసారీ ఎస్ అని పెట్టాల్సిందే. పోయినసారి హైదరాబాద్ కాన్సులేట్‌కి ఆ కోర్టు కాగితం పట్టుకెళ్లాడు. ఆఫీసర్ చదివి, "బ్రేక్ లైటా?" అని నవ్వి, మడిచి తిరిగిచ్చేశాడట.