బీటెక్ మానేసి జాజ్ పియానో అంటున్నాడు

ప్రశ్న: మాది కాజీపేట. మావాడు హన్మకొండలో బీటెక్ రెండో సంవత్సరం. ఆదివారాలు చర్చిలో కీబోర్డు వాయిస్తాడు. ఇప్పుడు కాలేజీ మానేసి జాజ్ పియానిస్ట్ అవుతానంటున్నాడు. విజయ్ అయ్యర్ అనే జాజ్ పియానిస్ట్ వీడియోలు చూపించి, ‘ఈయన కూడా లెక్కలు చదివినాయనే’ అంటాడు. నాది రైల్వేలో చిన్న ఉద్యోగం. ఒకసారి మీ దగ్గరికి పంపిస్తాను, మాట్లాడి చెప్పండి.

జవాబు: వచ్చాడండీ, మాట్లాడాను. ముందు ఆ విజయ్ అయ్యర్ సంగతి చూద్దాం, ఎందుకంటే మీవాడు మీకు సగం కథే చెప్పాడు.

ఆయన 1971లో అమెరికాలో తమిళ దంపతులకు పుట్టాడు. మూడో ఏటి నుంచి పదిహేనేళ్లు వయొలిన్ నేర్చుకున్నాడు. పియానో మాత్రం చాలావరకు చెవితో విని సొంతంగా పట్టుకున్నదే. యేల్‌లో మ్యాథ్స్, ఫిజిక్స్ డిగ్రీ పూర్తి చేసి, ఫిజిక్స్ చదవడానికే బర్కిలీ వెళ్లాడు. దారి మళ్లింది అక్కడే. అప్పుడైనా చదువు వదల్లేదు, సంగీతాన్ని మన శరీరం, మనసు ఎలా గ్రహిస్తాయన్న దాని మీద 1998లో పీహెచ్‌డీ పుచ్చుకున్నాడు. తొలి ఆల్బమ్ 1995లో వస్తే, అమెరికాలో అసాధారణ ప్రతిభకిచ్చే మెకార్థర్ ఫెలోషిప్ రావడానికి 2013 దాకా ఆగాల్సి వచ్చింది. 2014 నుంచి హార్వర్డ్‌లో ప్రొఫెసర్. ఇందులో డిగ్రీ మానేసిన సంవత్సరం ఏదో మీవాణ్నే చూపించమనండి.

అలాగని ఈ మాటతో వాడి నోరు మూయించకండి. పిల్లవాడికి చెవి ఉంది. భుజాన కీబోర్డు వేసుకొచ్చి ఒక పాట వాయించాడు, బాగుంది. శ్రుతి ఒకటిన్నర తగ్గించి వాయించు అన్నాను. వేళ్లు కదల్లేదు, బొటనవేలు పోయి, వాయించే మెట్లు మారకుండానే శ్రుతి మార్చేసే ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కింది! ఇద్దరం నవ్వుకున్నాం. నేను కుర్రతనంలో పెళ్లి ఆర్కెస్ట్రాల వెంట తిరిగినవాణ్ని, ఆ బటన్ మహిమ నాకు తెలుసు. అసలు పియానోకి అది ఉండదు. జాజ్ వాళ్లు ఒక్కో పాటనీ పన్నెండు శ్రుతుల్లోనూ వేళ్లకెక్కించుకుంటారు.

జాజ్ అంటే ఏమిటని మీకు సందేహం రావచ్చు. సాధారణంగా ముందు పాట ఒకసారి వాయిస్తారు. తర్వాత అవే కార్డ్స్ (ఒకేసారి కలిపి మోగించే స్వరాలు) వరస మీద ఒక్కొక్కరూ అప్పటికప్పుడు కల్పించుకుంటూ పోతారు, చివర్లో మళ్లీ పాటకొస్తారు. మన కచేరీల్లో కల్పన స్వరాలు విన్నవాళ్లకి ఇది మరీ కొత్తేం కాదు. కానీ పక్కన బేస్, డ్రమ్స్ వాయించేవాళ్లు ఏం చేస్తున్నారో వింటూ జవాబివ్వాలి. గదిలో తలుపేసుకుని వీడియోలు చూస్తే వచ్చే విద్య కాదు. వరంగల్‌లో మీవాడికున్న అసలు లోటు ఇదే: గురువుకంటే ముందు జట్టు లేదు.

జట్టు కోసం కాలేజీ మానక్కర్లేదు. ఎన్ఐటీలో స్ప్రింగ్‌స్ప్రీలాంటి ఫెస్టులకి వాయించే కుర్రాళ్లుంటారు, డ్రమ్మర్ ఒకడు దొరికినా చాలు. మన ప్రభుత్వ సంగీత కళాశాలలో మృదంగం నేర్చుకుంటే లయ గట్టిపడుతుంది. దీన్ని చిన్నచూపు చూడొద్దన్నాను. విజయ్ అయ్యర్ 2011 నాటి ‘తీర్థ’ ఆల్బమ్‌లో తబలా వాయించిన నితిన్ మిట్టా మన హైదరాబాద్ మనిషే. ఈ మాటకి మాత్రం మీవాడి కళ్లు మెరిశాయి.

డబ్బు విషయం. మన దేశంలో ఒక్క జాజ్ కచేరీల మీద ఇల్లు గడవడం చాలా కష్టం. మన జాజ్‌లో పెద్దాయన లూయిస్ బ్యాంక్స్ కూడా ప్రకటనలకి బోలెడు జింగిల్స్ చేశారు. పాఠాలు చెప్పడం, రికార్డింగులు, హోటళ్లలో వాయించడం, అన్నీ కలిస్తేనే ఓ జీతం. పాఠాలు చెప్పాలంటే లండన్ ట్రినిటీ కాలేజీవాళ్లు పెట్టే సంగీతం గ్రేడ్ పరీక్షలు పనికొస్తాయి. అవి మొత్తం 8, చదువుతూనే రాయొచ్చు. విదేశీ కోర్సుకని ఇల్లు తాకట్టు పెట్టే ఆలోచన ఉంటే ఇప్పుడే మానుకోండి. బీటెక్ అయ్యాక చెన్నైలో రెహమాన్ 2008లో పెట్టిన కేఎం మ్యూజిక్ కన్జర్వేటరీలాంటి చోట ప్రయత్నించవచ్చు. కాజీపేటలో రైలెక్కితే తెల్లారేసరికి అక్కడుంటాడు.

మీరు చేయాల్సిందల్లా ఒకటి. 88 మెట్లుండి, పియానోలా బరువుగా నొక్కాల్సిన డిజిటల్ పియానో సెకండ్ హ్యాండ్‌లో చూడండి. అదీ ఈ సెమిస్టర్ బ్యాక్‌లాగ్ లేకుండా గట్టెక్కితేనే. అంతవరకు ఆ ట్రాన్స్‌పోజ్ బటన్ మీద ప్లాస్టర్ అంటించమన్నాను. అంటించాడో లేదో ఈ ఆదివారం చర్చిలో ఓ కన్నేయండి.