ఉపమ, ఉత్ప్రేక్ష, రూపకాలను పిల్లలకు తికమక లేకుండా ఎలా నేర్పించాలి?

ఆరో తరగతి చదువుతున్న మీ అమ్మాయి అలంకారాల లక్షణాలను తప్పు లేకుండా అప్పజెబుతున్నదనీ, కొత్త వాక్యం ఇస్తే మాత్రం అది ఉపమో ఉత్ప్రేక్షో తేల్చుకోలేకపోతున్నదనీ రాశారు. గుంటూరులో 12 ఏళ్లుగా 6, 7 తరగతులకు తెలుగు చెబుతున్న నాకు ఈ ఇబ్బంది బాగా తెలుసు. మొదట్లో నేను కూడా లక్షణాన్ని ముందు రాయించి, "ఓ కృష్ణా! నీ కీర్తి హంసవలె ఆకాశగంగయందు మునుగుచున్నది" అనే ఉదాహరణను బట్టీ పట్టించేదాన్ని. ఆ వాక్యంలో లోపమేమీ లేదు; నాలుగు భాగాలూ కుదిరిన పూర్ణోపమ అది. అయితే హంసనే చూడని పిల్లలకు, కంటికి కనబడని కీర్తి నీటిలో మునగడమనేది మొదటి మెట్టుగా పనికిరాదు.

మా తరగతిలో చాలామంది మిరప పండించే పల్లెల నుంచి వచ్చేవారు. ఒకరోజు కల్లం ఎలా ఉందని అడిగితే, "మిరపకాయలు ఎర్ర దుప్పటిలాగా పరుచుకుని ఉన్నాయండీ" అని ఒక పాప చెప్పింది. ఆ వాక్యాన్నే నల్లబల్ల మీద రాసి, దేనిని పోలుస్తున్నాం, దేనితో పోలుస్తున్నాం, రెండింటికీ ఉన్న సమానగుణం ఏది, పోలికను తెలిపే మాట ఏది అని అడిగాను. నాలుగు జవాబులూ వాళ్ల నోటి నుంచి వచ్చాకే ఉపమేయం, ఉపమానం, సమానధర్మం, ఉపమావాచకం అనే పేర్లు చెప్పాను. తర్వాత దుప్పటిని వదలకుండా వాక్యాన్ని మాత్రం మార్చాం. "ఈ కల్లాన్ని చూస్తే, చలికి నేలతల్లి ఎర్ర దుప్పటి కప్పుకున్నదా అన్నట్లున్నది" అంటే ఊహ, కనుక ఉత్ప్రేక్ష. "నేల మిరప దుప్పటి కప్పుకున్నది" అంటే కాయలకూ దుప్పటికీ భేదమే లేదు, కనుక రూపకం.

"వలె" ఉంటే ఉపమ, "అన్నట్లు" ఉంటే ఉత్ప్రేక్ష అనే అడ్డదారిని మాత్రం దయచేసి నేర్పకండి. "అమ్మ రమ్మన్నట్లే వచ్చాను" అనే వాక్యంలో ఏ అలంకారమూ లేదు. పోలుస్తున్నామా, ఊహిస్తున్నామా, రెండూ ఒకటే అంటున్నామా అనే ప్రశ్నే వేయాలి.

రూపకం దగ్గర తడబడే పిల్లలకు నేను పొడుపు కథలు వేస్తాను. "కిటకిట తలుపులు, కిటారి తలుపులు, ఎప్పుడు మూసినా చప్పుడు కావు" అనగానే కనురెప్పలని అరిచి చెబుతారు. ఉపమేయాన్ని పూర్తిగా దాచి ఉపమానాన్ని మాత్రమే చెప్పడం అందులోని అందం. పెద్దలు దానిని రూపకాతిశయోక్తి అంటారు, ఆ పేరు ఈ వయసులో అక్కరలేదు. పైగా "ట" మళ్లీ మళ్లీ వినిపించడాన్ని చూపించి, మాటల ధ్వనిలో ఉండే శబ్దాలంకారానికీ, భావంలో ఉండే అర్థాలంకారానికీ ఉన్న తేడాను అక్కడే చెప్పవచ్చు.

మీరు విజయవాడలో ఉంటున్నామన్నారు కనుక, ఒక సాయంత్రం అమ్మాయిని ప్రకాశం బ్యారేజీ దగ్గరకు తీసుకువెళ్లి, కృష్ణ నీటిలో దీపాల వెలుగు ఎలా ఉందో అడగండి. ఆమె చెప్పిన వాక్యాన్ని దిద్దకుండా రాసి ఉంచండి. అందులో సమానధర్మం లేకపోయినా తప్పనకండి, అది లుప్తోపమ, అంటే నాలుగు భాగాల్లో ఏదైనా లోపించిన ఉపమ. మర్నాడు ఆ వాక్యంతోనే నాలుగు ప్రశ్నలూ మొదలుపెట్టండి.