పీట్ నేలల మీద నడకకు పోయే ముందు

ప్రొద్దుటూరు

చి.ల.సౌ. చెల్లెలికి, మరిదికి అక్క ఆశీస్సులు.

జూన్‌లో మీ అబ్బాయి దగ్గరికి ఐర్లాండ్ పోతున్నారంటే చాలా సంతోషం. "అన్ని నెలలు ఇంట్లో కూర్చుని ఏం చేయాలక్కా, ఈయనకేమో మోకాళ్లు నొప్పి" అని ఫోన్‌లో దిగులు పడ్డావు. అది విన్నప్పటి నుంచి నీకు వివరంగా రాయాలనుకుంటున్నా.

మా అమ్మాయి ఇంట్లో ఉన్నప్పుడు నాకు అన్నిటికంటే నచ్చింది అక్కడి పీట్ నేలల మీద నడక. కొండలెక్కే పని లేదు. చదును నేల, చాలాచోట్ల చెక్కలు పరిచిన దారి, దగ్గర్లోనే ఏదో ఒక పాత ఊరు. గండికోట రాళ్ల మీద ఎక్కి దిగిన మీకు ఇది లెక్కే కాదు.

అయితే పీట్ అంటే ఏమిటో తెలియకుండా పోతే ఖాళీ బీడు తప్ప ఏమీ కనపడదు. నీళ్లలో నానుతూ, గాలి తగలక, పూర్తిగా కుళ్లిపోని నాచు వేల ఏళ్లుగా పేరుకుని నల్లటి మెత్తటి నేల అయింది. ఏడాదికి సుమారు ఒక మిల్లీమీటరు పెరుగుతుందట. అంటే మీటరు మందానికి వెయ్యేళ్లు. ఐర్లాండ్ నడిమి జిల్లాల్లో కొన్నిచోట్ల పది మీటర్ల లోతు దాకా ఉంది. వాళ్లు ఆ నేలను బాగ్ అంటారు. వాన మరీ ఎక్కువేమో అనుకోకు. మన కడప జిల్లాకు ఏడాదికి 700 మిల్లీమీటర్లు పడితే అక్కడ 800 నుంచి 1,000. మన వాన నాలుగు రోజులు కుమ్మరించి పోతుంది, మిగిలింది ఎండ తాగేస్తుంది. అక్కడ ఏడాది పొడుగునా సన్నగా పడుతూనే ఉంటుంది, ఆరనిచ్చే ఎండ ఉండదు.

మొదట క్లారాకు పోండి. ఆఫలీ జిల్లాలో చిన్న ఊరు. డబ్లిన్ నుంచి గాల్వే పోయే రైలు అక్కడ ఆగుతుంది, ఎక్కాల్సింది హ్యూస్టన్ స్టేషన్‌లో. ఊళ్లో లైబ్రరీ ఉన్న భవనంలోనే బాగ్ గురించి చెప్పే కేంద్రం ఉంది, ముందు అది చూడండి. బాగ్ ఊరికి దక్షిణంగా రెండు కిలోమీటర్లు. అంత దూరం నడిస్తే మరిదికి అక్కడే ఓపిక అయిపోతుంది, అబ్బాయిని కారులో దింపమనండి. చెక్కల దారి చుట్టూ తిరిగి వస్తే దాదాపు ఒక కిలోమీటరు. గంటన్నర పెట్టుకోండి. త్వరగా నడిచేస్తే ఇరవై నిమిషాల్లో అయిపోతుంది, కానీ అలా పోయినవాళ్లే "ఏముంది అక్కడ, గడ్డి" అంటారు.

అక్కడ చూపు దూరంగా కాదు, కాళ్ల దగ్గర పెట్టాలి. చెక్క అంచున ఒకచోట వంగి చూడు. ఎర్రగా, పచ్చగా, కొంచెం గోధుమ రంగులో కలిసిపోయిన నాచు కనిపిస్తుంది. దాని బరువుకు ఇరవై రెట్ల దాకా నీళ్లు పట్టుకుంటుంది. ఆ నాచులో చిటికెన వేలి గోరంత ఎర్రటి ఆకులుంటాయి, ఒక్కో వెంట్రుక చివర బంక చుక్క మెరుస్తూ. పురుగులు తినే మొక్క అది. నేను చూసినప్పుడు ఒక ఆకు దోమంత పురుగును పట్టుకుని అంచులు లోపలికి ముడుచుకుంటోంది. ఆ నేలలో మొక్కకు కావలసిన సారం ఉండదు కాబట్టి పురుగుల నుంచి తీసుకుంటుంది. జూన్‌లో తెల్ల దూది పువ్వుల్లాంటివి కూడా గాలికి ఊగుతుంటాయి. ఆగస్టులో పోతే ఊదా రంగు పూలు.

అందుకే చెక్క మీద నుంచి కాలు కింద పెట్టకండి. ఒకటి, మోకాలి దాకా దిగిపోవచ్చు. రెండు, ఒక్క అడుగుకు నలిగిన నాచు మళ్లీ లేవడానికి ఏళ్లు పడుతుంది. అరటి తొక్క, అన్నం మెతుకులు కూడా వేయొద్దు. మన దగ్గర చెట్టు మొదట్లో వేస్తే ఎరువు అవుతుంది, అక్కడ అదే కీడు. సారం పెరిగితే వేరే కలుపు వచ్చి ఈ మొక్కల్ని మింగేస్తుంది. ప్రపంచంలో నేల మొత్తంలో పీట్ నేలలు మూడు శాతమే, అయినా అడవులన్నిటి చెట్లలో ఉన్నదానికంటే ఎక్కువ కార్బన్ వాటిలో ఉంది. ఎండిపోయినా, తవ్వి కాల్చినా అదంతా గాలిలోకి పోతుంది.

తవ్వి కాల్చడం వాళ్ల పాత అలవాటు. ఇటుకల్లా కోసి, పిడకలు ఆరబెట్టినట్టు ఎండబెట్టి, పొయ్యిలో వేసుకునేవాళ్లు. పెద్ద యంత్రాలతో తవ్విన ప్రభుత్వ సంస్థ బోర్డ్ న మోనా 2021లో ఆ పని పూర్తిగా మానేసింది. అలా తవ్వి వదిలేసిన నేలను లాక్ బూరా దగ్గర పార్కు చేశారు. చెరువులు, పక్షులు, పెద్ద పెద్ద శిల్పాలు, చదును దారులు. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకు క్లారా కంటే ఇక్కడే సుఖం, మనవరాలు సైకిల్ తొక్కుకోవచ్చు. దాదాపు 9,000 ఏళ్ల కిందటి మనుషుల గుర్తులు దొరికిన చోటు అది.

నన్నడిగితే, ఒక్కటే చూడగలమంటే లాంగ్‌ఫర్డ్ జిల్లాలో కీనా ఊరి దగ్గర ఉన్న కార్లియా చూడండి. 1984లో పీట్ తవ్వుతుంటే అక్కడ ఓక్ పలకలు పరిచిన బండ్ల బాట బయటపడింది. చెట్టు వలయాలు లెక్కబెట్టి అది క్రీస్తు పూర్వం 148లో కొట్టిన చెట్లదని తేల్చారు. అందులో 18 మీటర్లు ఒక హాల్లో అలాగే ఉంచారు. ఎండితే పగిలిపోతుందని లోపల గాలి చల్లగా, తేమగా ఉంచుతారు, శాలువా తీసుకుపో. పలక చివర్లలో మేకులు దిగిన రంధ్రాలు ఇంకా కనిపిస్తాయి. అంత కష్టపడి వేసిన బాట తన బరువుకే పదేళ్లలోపు బురదలో దిగిపోయిందంటారు. గాలి తగలలేదు కాబట్టే మిగిలింది. గైడ్ చెప్పేది మొత్తం విను, మధ్యలో ఫోటోలకు పోకు. ఏడాది పొడుగునా తెరిచి ఉండదు, అబ్బాయిని ముందే చూసుకోమను.

షానన్ నది ఒడ్డున క్లాన్‌మక్‌నాయిస్ ఉంది. ఆరో శతాబ్దంలో కియరన్ అనే సాధువు స్థాపించిన మఠం. ఇప్పుడు గోడలు, గుండ్రటి బురుజులు, చెక్కిన రాతి శిలువలు. పక్కన మాంగన్ బాగ్. దారిలో షానన్‌బ్రిడ్జ్ అనే ఊరు, పదహారు కమానుల రాతి వంతెనతో బాగుంటుంది. టీ అక్కడ తాగండి.

ఇక సర్దుకోవడం. గొడుగు దండగ, గాలికి తిరగబడుతుంది. టోపీ ఉన్న రెయిన్ జాకెట్ ఒక్కొక్కరికీ కొనండి. తడిసిన చెక్కలు జారుతాయి, అడుగు భాగం గట్టిగా పట్టుకునే బూట్లు కావాలి. కొత్త బూట్లు అక్కడ మొదటిసారి వేసుకోకండి, ఇక్కడే పెన్నా గట్టు మీద నెల రోజులు వేసుకుని తిరగండి. నడక రోజు చీర వద్దు చెల్లీ, కుచ్చిళ్లు తడిసి కాళ్లకు చుట్టుకుంటాయి. చుడీదార్ వేసుకో, అంచులు సాక్సుల్లోకి దోపుకో. గడ్డిలో పిడుదు పురుగులుంటాయి, ఇంటికొచ్చాక ఒళ్లు చూసుకోండి. ఎండగా ఉన్న రోజైనా స్వెటర్ మానొద్దు. జూన్‌లో సూర్యుడు రాత్రి పదికి గానీ అస్తమించడు, కాబట్టి చీకటి పడుతుందని టెన్షన్ అక్కర్లేదు.

సద్ది కట్టుకోండి. చిత్రాన్నం, చెనిక్కాయ ఉండలు చాలు. చెక్కల దారి ఇరుకు, ఎదురొచ్చినవాళ్లు ఆగి నవ్వి పలకరిస్తారు, మీరూ పలకరించండి. ముసలివాళ్లెవరైనా మాట కలిపితే, చిన్నప్పుడు పీట్ కోసేవాళ్లా అని అడుగు. నీ ఇంగ్లీషు ఎలా ఉన్నా సరే, వాళ్లే చెప్పుకుంటూ పోతారు.

మరిదికి మోకాలి పట్టీ, మాత్రలు చేతి సంచిలోనే పెట్టు, పెట్టెలో వద్దు. టికెట్ తేదీ ఖాయం కాగానే ఫోన్ చెయ్యి, నా రెయిన్ జాకెట్ నీకు సరిపోతుందేమో చూద్దాం.

ఇట్లు
మీ అక్క