తూచారా, కొలిచారా, లెక్కించారా?

సందేహం: రక్తఫలకికల (ప్లేట్‌లెట్ల) మీద పరిశోధన చేస్తున్నాను. మా పనిని వివరిస్తూ ఒక తెలుగు పత్రికకు వ్యాసం రాశాను. అందులో "ఫలకికలలోని సంకేత కొవ్వులను మాస్ స్పెక్ట్రోమీటర్‌తో తూచాము" అన్నాను. ఒక మిత్రురాలు "కొలిచాము" అని దిద్దింది. మరొకరు "లెక్కించాము" అనాలన్నారు. "వేరుశనగ ఆమ్లం నుంచి థ్రాంబాక్సేన్ పుడుతుంది. ఆస్పిరిన్ ఆ తయారీకి కావలసిన ఎంజైమును ఆపుతుంది. మందు వేసుకున్నాక థ్రాంబాక్సేన్ ఎ2ను కొలిచాము" అన్న వాక్యాలూ చూడండి. మీరు చెప్పినది తూచా తప్పకుండా పాటిస్తాను.
– ఒక పరిశోధక విద్యార్థిని, తిరుపతి

సమాధానం: మూడు క్రియలూ మంచివే, అయితే మూడూ ఒకే పనికి చెల్లవు. మీ ఊరి వీధుల్లోనే వినండి. మల్లెపూలను మూరతో కొలుస్తారు, బెల్లం తూస్తారు, కొబ్బరికాయలు లెక్కపెడతారు. "రెండు కిలోల బెల్లం కొలిచి ఇవ్వండి" అంటే కొట్టాయన మన ముఖం వంక చూస్తాడు. పొడవుకూ పాలకూ గింజలకూ కొలత, బరువుకు తూనిక. ప్రభుత్వ శాఖ పేరులో కూడా తూనికలు, కొలతలు పక్కపక్కనే ఉన్నా ఒకదానిలో ఒకటి కలిసిపోలేదు. విజ్ఞానశాస్త్ర రచన వచ్చాక మాత్రం "కొలుచు" తన హద్దులు పెంచుకుంది. ఉష్ణోగ్రత, పీడనం, వేగం అన్నీ దాని కిందికే వచ్చాయి. (ఆసుపత్రిలో మాత్రం ఇవేవీ వినపడవు. అక్కడ బీపీ "చూస్తారు", షుగర్ "చూస్తారు". ఎంత చక్కని మాటో!)

ఇక మీ యంత్రం సంగతి. దానికి "ద్రవ్యరాశి వర్ణపటమాపకం" అన్న బరువైన పేరు పెట్టనందుకు సంతోషం. అక్కడ వర్ణంతో పని లేదు. అది అణువులకు విద్యుదావేశం ఎక్కించి, ద్రవ్యరాశికీ ఆవేశానికీ ఉన్న నిష్పత్తిని బట్టి వాటిని వేరుచేస్తుంది. ఫలకికలు గుమిగూడి రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే థ్రాంబాక్సేన్ ఎ2 మారితే వచ్చేది థ్రాంబాక్సేన్ బి2. అది ఋణావేశంతో 369 దగ్గర దొరుకుతుంది. దాన్ని విరగ్గొడితే 169 దగ్గర ఒక ముక్క కనిపిస్తుంది. ఇక్కడ "తూచు" అన్న క్రియ కొంతవరకు నప్పుతుంది. కానీ ఆ తూకం దేనికి? ఆనవాలు పట్టడానికి. ఉన్నది ఫలానా అణువే అని అది చెబుతుంది, ఎంత ఉందో చెప్పదు. ఎంత ఉందో తేలాలంటే నాలుగు హైడ్రోజన్లకు బదులు నాలుగు డ్యుటీరియంలు (బరువైన హైడ్రోజన్లు) ఉన్న అదే అణువును, తెలిసిన మోతాదులో నమూనాలో ముందే కలపాలి. తక్కెడలో పడికట్టు రాయి ఎలాగో ఇదీ అలాగే. అది 373 దగ్గర పడుతుంది. రెండు సంకేతాల నిష్పత్తిని బట్టి అసలు అణువు ఎంత ఉందో తెలుస్తుంది. ఆ "ఎంత"కు తగిన క్రియ కొలుచు. కాబట్టి మీ మిత్రురాలి దిద్దుబాటు నిలుస్తుంది.

"లెక్కించు" ఫలకికలకే ఉంచండి. ఆరోగ్యవంతుల రక్తంలో అవి మైక్రోలీటరుకు 1.5 లక్షల నుంచి 4.5 లక్షల వరకు ఉంటాయి. ఇన్ని కోట్ల ఫలకికలకు ఇంత లిపిడ్ (కొవ్వు జాతి పదార్థం) అని చెప్పాలి గనుక, ముందు లెక్కించాక కొలవడమే మీ పని క్రమం కూడా. ఫలకికలు అన్నా ప్లేట్‌లెట్లు అన్నా సరే. డెంగీ రోజుల్లో కనిపించే "ప్లేట్‌లెట్స్‌లు" మాత్రం వద్దు, ఒక మాటకు రెండు బహువచనాలు మోయించకూడదు.

మీ మూడో వాక్యంలో చిక్కు భాషది కాదు, విషయానిది. థ్రాంబాక్సేన్ ఎ2 అర్ధాయువు (ఉన్నదానిలో సగం మారిపోవడానికి పట్టే కాలం) నీటిలో సుమారు 30 సెకన్లు. గొట్టంలో రక్తం తీసి బల్ల మీద పెట్టేలోపే అది బి2గా మారిపోతూ ఉంటుంది. మీరు కొలిచింది బి2ను. అందుకని "బి2ను కొలిచి, ఎ2 ఏ మేరకు పుట్టిందో అంచనా కట్టాము" అనాలి. తెలుగులో "అంచనా కట్టు" అన్న చక్కని పలుకుబడి ఉండగా, లేనిదాన్ని కొలిచామని చెప్పుకోవడం ఎందుకు?

"ఎంజైమును ఆపుతుంది" అంటే బస్సును ఆపినట్టు మళ్లీ కదులుతుందేమో అనిపిస్తుంది. ఆస్పిరిన్ కాక్స్-1 అనే ఆ ఎంజైమును శాశ్వతంగా పనికిరాకుండా చేస్తుంది. ఫలకికకు కేంద్రకం లేదు, కొత్త ఎంజైమును చేసుకోలేదు. బతికే 7 నుంచి 10 రోజులూ అలాగే గడుపుతుంది. "పనికిరాకుండా చేస్తుంది" అనే రాయండి.

అన్నిటికన్నా ప్రమాదం మీ "వేరుశనగ ఆమ్లం". అరాకిడోనిక్ అన్న పేరు వెనక వేరుశనగ శాస్త్రీయ నామం అరాకిస్ ఉన్నమాట నిజమే. కానీ వేరుశనగ నూనెలో కొద్దిగా ఉండేది అరాకిడిక్ ఆమ్లం, దానికి ద్విబంధాలు లేవు. మీ అరాకిడోనిక్ ఆమ్లానికి నాలుగు ద్విబంధాలు. అది మాంసం, గుడ్లలో దొరుకుతుంది, మన ఒంట్లోనూ తయారవుతుంది. వేరుశనగ పండించే చిత్తూరు పల్లెల్లో మీ వ్యాసం చదివినవారు పల్లీలు తింటే రక్తం గడ్డకడుతుందని బెంగపెట్టుకోగలరు. అరాకిడోనిక్ ఆమ్లం అనే ఉంచండి.

కొవ్వు అనగానే పాఠకుడికి పొట్టో, పొగరో గుర్తొస్తుంది. కనుక లిపిడ్ నయం. "సంకేత లిపిడ్లు" అన్న చోట, మొదటిసారి మాత్రం "కణాల మధ్య కబురు మోసే లిపిడ్లు" అని విప్పి రాయండి. మీ తొలి వాక్యం ఇలా ఉండవచ్చు: "ఫలకికలను లెక్కించి, అవి విడుదల చేసిన సంకేత లిపిడ్లను మాస్ స్పెక్ట్రోమీటర్‌తో గుర్తించి, ఒక్కొక్కటి ఎంత ఉందో కొలిచాము."

చివరగా, మీరు పాటిస్తానన్నది "తు చ తప్పకుండా". తు, చ అనేవి సంస్కృతంలో రెండు అవ్యయాలు. ఆ చిన్న మాటలు కూడా పోకుండా అని భావం. తూచడంతో దానికి చుట్టరికం లేదు. "ఆచితూచి"కి మాత్రం ఉంది.